ఊరి ప్రయాణాలు, ఇంటి పనుల మధ్య బొంత పూర్తి చేయడం ఎలా?

పాత చీరలతో బొంత కుట్టాలని మొదలుపెట్టి, సగంలో మూటగట్టి అటక మీద పెట్టినవాళ్లు హైదరాబాద్‌లో ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ కనీసం ఒకరుంటారు. అడిగితే టైమ్ లేదంటారు. నిజానికి టైమ్ ముక్కలు ముక్కలుగా బాగానే దొరుకుతుంది. పాప డ్యాన్స్ క్లాస్ బయట ముప్పావుగంట, ఆస్పత్రిలో టోకెన్ పట్టుకుని కూర్చున్న గంట, విజయవాడ వెళ్లే రైల్లో మధ్యాహ్నమంతా ఖాళీనే. కాకపోతే ఆ టైమ్ దొరికిన చోట చేయగలిగే పని మన చేతిలో ఉండదు. చీర ఇంకా కత్తిరించకుండా బీరువాలో ఉంటుంది, మనమేమో రైల్లో ఉంటాం. అందుకే బొంత పనిని రోజులుగా, గంటలుగా కాకుండా ఏ పని ఎక్కడ చేయగలం అన్నదాన్ని బట్టి విడగొట్టుకోమని నేను గట్టిగా చెప్తాను. ఇది కుదిరితే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి.

ముందు పనిని మూడు చోట్లకి పంచండి

బొంతలో కొన్ని పనులకి పెద్ద బల్ల, మంచి వెలుతురు, ఎవరూ పిలవని గంట కావాలి. కొలవడం, కత్తిరించడం, మిషన్ మీద కుట్టడం, పొరలు పరిచి, అవి కదలకుండా తాత్కాలికంగా కచ్చా కుట్టు వేయడం అలాంటివి. ఇవి ప్రయాణంలో కావు, టీవీ ముందూ కావు. రెండో రకం పనులు ఇంట్లో పదిమంది మధ్యలోనే చేసుకోవచ్చు. రంగుల వారీగా ముక్కలు పేర్చడం, పాత జాకెట్ల కుట్లు విప్పడం, సుద్దతో గీతలు గీయడం లాంటివి. మూడో రకం, ఒళ్లో పెట్టుకుని చేత్తో కుట్టే పని. ఇదొక్కటే మనతో ఊరికొస్తుంది.

మొదటి రకం పనికి వారంలో ఒక పూట చాలు, కానీ అది ఇంట్లో అందరికీ తెలిసిన పూట అయి ఉండాలి. ఆదివారం భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ నాది అని ముందే చెప్పేయండి. ఆ పూట చేతి కుట్టు మొదలుపెట్టొద్దు. వారం మొత్తానికి, వచ్చే ప్రయాణానికి సరిపడా కత్తిరించి, మిషన్ పని, కచ్చా కుట్టు ముగించి పెట్టుకోవడమే ఆ పూట పని. మిషన్ పని పగలే ముగించండి. రాత్రి పదింటికి మిషన్ తొక్కితే కింది ఫ్లాట్ వాళ్లకి అదురు తెలుస్తుంది, మిషన్ కింద పాత యోగా మ్యాట్ వేసినా పూర్తిగా పోదు.

బొంతని బ్లాకులుగా కుట్టండి

పరిచిన బొంతని నేల మీద నాలుగు రోజులు వదిలేసే వీలు ఏ రెండు బెడ్‌రూమ్‌ల ఇంట్లో ఉంటుంది? పైగా నాలుగు నూలు చీరల బొంతంటే రెండు కిలోల దాకా తూగుతుంది, దాన్ని ఊరికి మోసుకెళ్లలేం. కాబట్టి ప్రయాణాలు ఎక్కువగా ఉండేవాళ్లకి నేను చెప్పే పద్ధతి ఒకటే, ఒక్కో బ్లాక్‌ని, అంటే ఒక్కో చదరపు ముక్కని, పొరలతో సహా పూర్తిగా కుట్టేసి, చివర్లో అన్నీ కలపడం.

లెక్క ఇలా వేసుకోండి. చంటిపిల్లల బొంత 36 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల పొడవు అనుకుంటే 12 అంగుళాల బ్లాకులు 12 కావాలి. పై ముక్కని పన్నెండున్నర అంగుళాల చదరంగా కత్తిరించాలి, అందులో చుట్టూ పావు అంగుళం కుట్టులోకి పోతుంది. అడుగు గుడ్డ, లోపలి పొర 13 అంగుళాల చదరాలు. ఐదున్నర మీటర్ల చీర అంటే దాదాపు 216 అంగుళాల పొడవు, 45 అంగుళాల వెడల్పు, అంటే అడ్డంగా మూడు, పొడవునా పదహారు చదరాలు వస్తాయి. అడుగుకి 12, లోపలికి రెండేసి పొరల చొప్పున 24 పోయినా ఒక్క పాత చీరలోనే ఇంకా 12 చదరాలు మిగులుతాయి కూడా. చిరుగులు, పలచబడ్డ చోట్లు వదిలేసినా సరిపోతుంది. కుచ్చిళ్ల దగ్గర, ఫాల్ కుట్టిన అంచు దగ్గర గుడ్డ ముందు అరుగుతుంది, అందుకే కత్తిరించే ముందు చీరని కిటికీ వెలుతురుకి అడ్డం పెట్టి చూడండి. పలచని చోటు అక్కడే కనిపిస్తుంది.

సింగిల్ మంచానికైతే అవే బ్లాకులు ఐదు వరసలు, ఏడేసి చొప్పున 35 వేసుకుంటే 60 అంగుళాల వెడల్పు, 84 అంగుళాల పొడవు వస్తుంది. మొదటిసారి దానికి దిగకండి.

పొరలన్నీ కలిపి కుట్టేటప్పుడు చుట్టూ అంగుళం ఖాళీ వదలండి. కలిపేటప్పుడు పనికొచ్చేది ఆ అంగుళమే. రెండు బ్లాకుల పై ముక్కల్ని ఎదురెదురుగా పెట్టి పావు అంగుళంలో కుట్టి, లోపలి పొరలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా అంచులు సరిచేసి, వెనక అడుగు గుడ్డల్లో ఒకదాన్ని మడిచి రెండోదాని మీద హెమ్మింగ్ చేయాలి. ఈ హెమ్మింగ్ కూడా ఒళ్లో పెట్టుకుని చేసే పనే.

చీరకి గంజి పెట్టి, ఆరాక వీధిలో ఇస్త్రీ బండి దగ్గర ఇచ్చి తెస్తే కత్తిరించేటప్పుడు గుడ్డ జారదు, అంచు ఖచ్చితంగా వస్తుంది. అయితే ఆ వారంలో కత్తిరించే చీరకే గంజి పెట్టండి, నెలల తరబడి దాచే ముక్కల్లో గంజి ఉంటే పురుగులు పడతాయి. కొత్త నూలు గుడ్డ కలుపుతుంటే ముందు ఒకసారి ఉతకాలి, లేకపోతే తర్వాత కుంచించుకుపోయి పాత చీర ముక్కల పక్కన ముడతలు పడుతుంది. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో కట్ పీసులు కొన్నా, మీ వీధి టైలర్ దగ్గర మిగిలిన ముక్కలు తెచ్చుకున్నా ఇదే మాట.

ప్రయాణం డబ్బా ఎప్పుడూ సిద్ధంగా ఉంచండి

దీని మీద కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే బొంత ఆగేదీ నడిచేదీ ఈ డబ్బా దగ్గరే. మూత గట్టిగా పట్టే స్టీల్ టిఫిన్ డబ్బా తీసుకోండి. స్టీల్ డబ్బాలన్నిటికీ అయస్కాంతం అంటుకోదు, అందుకే చిన్న అయస్కాంతాన్ని మూత లోపల గమ్‌తో అంటించండి, సూదులు దాన్ని పట్టుకుని ఉంటాయి. ఐదారు సూదులకి ఇంట్లో వెలుతురు బాగున్నప్పుడే దారం ఎక్కించి పెట్టుకోండి. కదిలే రైల్లో సూదిబెజ్జంలో దారం ఎక్కించడమంత విసుగు పని ఇంకోటి లేదు. దారం మూరెడు చాలు, అంతకన్నా పొడవైతే చిక్కుపడుతుంది, గుడ్డలోంచి పదేపదే లాగడం వల్ల నలిగి తెగుతుంది కూడా. అంగుస్తాను (సూది గుచ్చుకోకుండా వేలికి తొడిగేది), చిన్న కత్తెర, అరిగిపోయిన సబ్బుముక్క వేయండి. ముదురు రంగు గుడ్డ మీద సబ్బుతో గీసిన గీత బాగా కనిపిస్తుంది, ఉతికితే పోతుంది.

ఇక డబ్బాలో పెట్టే పని. పూర్తిగా కచ్చా కుట్టు వేసిన ఒకటి రెండు బ్లాకులు పెట్టొచ్చు. నాకైతే ప్రయాణాలకి ఆరు పలకల ముక్కలు అన్నిటికన్నా ఇష్టం. పాత పెళ్లి శుభలేఖలు ఇంట్లో కట్టలకొద్దీ ఉంటాయి కదా, ఆ అట్టని ఒక్కో వైపు అంగుళం ఉండేలా ఆరు పలకలుగా కత్తిరించండి. రెండున్నర అంగుళాల గుడ్డ చదరం మధ్యలో అట్ట పెట్టి, అంచులు వెనక్కి మడిచి, మూలల దగ్గర దారంతో పట్టి ఉంచండి. అలాంటివి ఏడు, అంటే మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు కలిపితే ఒక పువ్వు, దాన్ని తర్వాత బ్లాక్ పై ముక్క మీద కుట్టుకోవచ్చు. కలిపేటప్పుడు రెండు ముక్కల మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి, గుడ్డ అంచుల్ని మాత్రమే సన్నగా పట్టి కుట్టాలి, సూది అట్టలోకి దిగకూడదు. ఇంకో వరస వేస్తే మరో పన్నెండు ముక్కలు పడతాయి. చుట్టూ ముక్కలు చేరాక లోపలి అట్ట తీసేసి మళ్లీ వాడుకోవచ్చు. ఎక్కడ ఆపినా నష్టం లేదు, స్టేషన్ వచ్చేసిందంటే సూది మూతకి అంటించి డబ్బా మూసేయడమే.

పగటి రైళ్లు ఈ పనికి బాగుంటాయి. 2023 జనవరిలో మొదలైన సికింద్రాబాద్-విశాఖ వందే భారత్‌లో సీటు ముందు మడత బల్ల ఉంటుంది, దాదాపు ఎనిమిదిన్నర గంటల ప్రయాణం. గోదావరి, గౌతమి లాంటి రాత్రి రైళ్లలో మాత్రం పది దాటితే లైట్లు తీసేస్తారు, తోటివాళ్ల నిద్ర చెడగొట్టి కుట్టాల్సిన పనిలేదు. బస్సులో, కారులో, కిక్కిరిసిన మెట్రోలో సూది తీయకండి, ఒక్క సడన్ బ్రేక్ చాలు. విమానమైతే కత్తెర, కట్టర్ బ్లేడ్ చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టండి. దేశంలో తిరిగే విమానాల్లో చేతి సామానుకి మామూలుగా 7 కిలోలే కాబట్టి బొంత మూట అక్కడ కుదరదు, డబ్బా హాయిగా కుదురుతుంది. కత్తెర లేకపోతే దారాలు ముందే మూరెడేసి కత్తిరించి ఒక అట్టకి చుట్టుకోండి.

ఇంటికొచ్చిన రోజే డబ్బా మళ్లీ నింపేయండి. సూట్‌కేసు సర్దే రోజు బొంత సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఇంట్లోవాళ్లతో

చీర కత్తిరించే ముందు అది ఎవరిదో వాళ్లని అడగండి. బీరువా అడుగున ఇరవై ఏళ్లుగా పడున్న చీరైనా సరే. అత్తయ్యకి అది మొదటి సంక్రాంతికి పుట్టింటివాళ్లు పెట్టిన చీర కావచ్చు. చనిపోయిన అమ్మమ్మ చీరైతే ఇంకా జాగ్రత్త, అందరికీ ఒక మాట చెప్పి, ముందుగా కొంగులోంచి పిన్నమ్మలకి, మామయ్యలకి, అక్కచెల్లెళ్లకి తలా ఒక ముక్క తీసిపెట్టి, మిగిలినదే బొంతలో వాడండి. ఈ పని చేసిన ఇళ్లలో ఆ బొంత కోసం అందరూ ఎదురుచూస్తారు, మీరు కుట్టుకునే పూట ఎవరూ అడ్డురారు.

పిల్లలుంటే సూదుల లెక్క ముఖ్యం. ఎన్ని తీశారో అన్నీ డబ్బాలోకి వెళ్లాకే లేవాలి. చిన్నపిల్లలకి రంగులు వేరుచేసే పని ఇవ్వండి, కాస్త పెద్ద పిల్లలకి ఆరు పలకల అట్టలు కత్తిరించే పని. దీపాలు పెట్టాక సూది ముట్టొద్దనే పట్టింపు ఉన్న ఇంట్లో సాయంత్రాలు గీతలు గీసుకోవడానికి, ముక్కలు పేర్చుకోవడానికి వాడుకోండి, దాని గురించి వాదన పెట్టుకోవడం దండగ.

పుట్టబోయే బిడ్డ కోసమైతే టెన్షన్ ఇంకోలా ఉంటుంది. చాలా ఇళ్లలో బిడ్డ పుట్టకముందే ఏదీ కుట్టనివ్వరు, పుట్టాక ఇరవై ఒకటో రోజు బారసాల, ఆ ఇంటి హడావిడిలో బొంత ఎక్కడ కుడతారు? అందుకే ఎవరి పేరూ పెట్టుకోకుండా పన్నెండు బ్లాకులు ఎప్పుడూ కుట్టి ఉంచుకోండి. పుట్టిన కబురు వచ్చాక కలిపి, అంచు వేస్తే చాలు. చంటిపిల్లల బొంతలో జరీ ముక్కలు, పూసలు, గుండీలు వద్దు. ఏడాది లోపు బిడ్డని నిద్రపుచ్చేటప్పుడు బొంత కప్పొద్దని, పడక మీద వదిలేయొద్దని కూడా చెప్పి ఇవ్వండి. మెలకువగా ఉన్నప్పుడు, మనం పక్కనే ఉండి, కింద పరచడానికే అది.

"నాకూ ఒకటి కుట్టిపెట్టవా" అనే చుట్టాలకి కాదనాల్సిన పనిలేదు. వాళ్ల చీరే ఉతికి పంపమనండి, చీర అందాకే వరసలో పేరు రాసుకుంటానని చెప్పండి. దసరా నుంచి సంక్రాంతి దాకా, మళ్లీ వేసవి సెలవుల్లో ఎవరికీ తేదీ ఇవ్వొద్దు, ఆ నెలలు ఊరి ప్రయాణాలవి, ఇంటికొచ్చే చుట్టాలవి.

ఆపేటప్పుడు, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు

ఊరెళ్లే ముందు బ్లాకులన్నీ మంచం మీద పేర్చి ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఒక్కో వరసని విడిగా కట్టి, పైన కాగితం పెట్టండి: "మూడో వరస, ఎడమ నుంచి, గోధుమరంగు దారం, రెండో బ్లాక్ హెమ్మింగ్ మిగిలింది". పది రోజుల తర్వాత ఏది ఎక్కడ ఆపామో వెతుక్కోవడంలోనే ఆ పూట అయిపోతుంది, ఈ ఒక్క కాగితం ఉంటే నేరుగా కూర్చోవచ్చు. గుడ్డలో సూది గుచ్చి వదిలేయకండి, వానాకాలంలో తుప్పుపట్టి ఆ మరక ఒక పట్టాన పోదు. ప్లాస్టిక్ కవర్లు కూడా వద్దు, పాత దిండుగలీబులో కట్టి పెట్టండి.

బ్లాకులన్నీ కలిపాక మిగిలేది చుట్టూ అంచు. దానికి చీర అంచు పట్టీలు బాగుంటాయి, చంటిపిల్లల బొంతకైతే మెత్తని నూలు పట్టీనే వేయండి. మొదటిసారి ఉతికే ముందు ముదురు ఎరుపు, నీలం ముక్కల మీద తడి తెల్లగుడ్డ రుద్ది చూడండి. రంగు అంటితే ఆ బొంతని చన్నీళ్లలో విడిగా ముంచి, నానబెట్టకుండా వెంటనే తీసి, నీడలో పరిచి ఆరబెట్టాలి. బరువుగా ఉంటుంది కాబట్టి ఒకే తీగ మీద వేలాడదీయకుండా రెండు తీగల మీద పడేలా వేయండి.