దక్షిణావర్త శంఖం అసలుదో కాదో కొనేముందు ఎలా చూసుకోవాలి?

చెన్నైలో మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో గృహప్రవేశం అనగానే ఎవరో ఒకరు వలంపురి శంఖం (దక్షిణావర్త శంఖానికే తమిళ పేరు) కొనమని చెప్తారు. మైలాపూర్ కపాలీశ్వరర్ గుడి వైపు పూజాసామాను కొట్లకెళ్ళి అడిగి, వెంటనే ఒకటి తీసి చేతిలో పెట్టారంటే మాత్రం కాస్త డౌట్ పడండి. ఎందుకంటే మన శంఖం అంటే టర్బినెల్లా పైరమ్ అనే సముద్రపు నత్త గుల్ల, తూత్తుకుడి, రామేశ్వరం వైపు సముద్రంలో దొరుకుతుంది, అందులో ఎడమచేతి వైపు నోరున్నది, అంటే వలంపురి, పుట్టడమే చాలా చాలా అరుదు.

ముందుగా చుట్లు తిరిగిన కొస పైకి, నోరు మీ వైపు ఉండేలా పట్టుకోండి. మామూలు శంఖానికి నోరు కుడివైపు, వలంపురికి ఎడమవైపు. పూజలో పట్టుకున్నట్టు రెండో కొస, అంటే సన్నటి తోక, పైకి తిప్పితే అదే నోరు కుడివైపుకొస్తుంది, కంగారు పడొద్దు.

నోరు ఎడమవైపే ఉంది కదా అని డబ్బులిచ్చేయకండి, అసలు మోసం ఇక్కడే. అమెరికాలో ఫ్లోరిడా, టెక్సాస్ తీరాల్లో లైట్నింగ్ వెల్క్ అని ఇంకో నత్త ఉంది, దానికి మామూలుగానే నోరు ఎడమవైపు ఉంటుంది, దాన్ని తెచ్చి పాలిష్ పెట్టి మన శంఖం అని అమ్ముతారు.

ఇప్పుడు ఫోన్ టార్చ్ వేసి నోటి లోపలికి చూడండి. మధ్యలో మెలితిరిగిన స్తంభం మీద మూడో నాలుగో గట్లు వరసగా ఉండాలి, చూపుడువేలు లోపలికి పోనిచ్చి మెల్లగా కిందికి జరిపితే ఒక్కొక్కటీ మెట్టులా తగులుతుంది. వెల్క్‌కి ఆ గట్ల వరస ఉండదు, వేలు జారిపోతుంది. పైన ఎంత అరగదీసినా లోపల ఈ గట్లు పుట్టించడం కష్టం, అందుకే నేనైతే దీన్నే నమ్ముతాను.

చెవి దగ్గర పెడితే ఓంకారం వినిపిస్తుందంటారు గానీ, బోలుగా ఉన్న ఏ గుల్లైనా చుట్టూ ఉన్న చప్పుడుకి అలాగే హోరుమంటుంది. నిమ్మరసం వేస్తే పొంగుతుంది చూడండి అంటే ఒప్పుకోవద్దు, కాల్షియం కార్బొనేట్ కదా, వెల్క్ అయినా పొంగుతుంది, పైగా ఆ చోట మెరుపు పోతుంది. ఇంట్లో కూడా ఇత్తడి సామానుతో కలిపి చింతపండుతో తోమకండి, మంచినీళ్ళు, మెత్తటి గుడ్డ చాలు.

ఆన్‌లైన్‌లో అయితే నోటి లోపల టార్చ్ వేసి వీడియో పంపమనండి, పంపకపోతే వదిలేయండి. ఊదడానికే కావాలంటే మామూలు కుడినోటి శంఖం హాయిగా కొనుక్కోవచ్చు, కొట్లోనే ఒకసారి ఊదించి చూసుకోండి.