ఆషాఢంలో పెళ్లి గుర్రాల మేత: జాగ్రత్తలు

తొలకరి పచ్చిక లేచింది, బరాత్‌లు లేవు. ఖాళీగా నిలబడే గుర్రానికి ఈ నెలే గండం.

– ఉలవలు, శనగలు, బెల్లం ముందు ఆపండి. లేత గడ్డిలోని చక్కెరకు ఇవి తోడైతే గిట్టల లోపల వాపు, లామినైటిస్ రావచ్చు. ముదిరితే గుర్రం మళ్లీ ఊరేగింపుకు పనికిరాకపోవచ్చు.

– అలాగని పస్తు పెట్టొద్దు. లావెక్కిన గుర్రం పస్తుంటే రక్తంలో కొవ్వు పెరిగి ప్రాణం మీదికొస్తుంది. పచ్చికలో మేపడం పూర్తిగా ఆపితే 300 కిలోల గుర్రానికి రోజుకు 4.5 కిలోల ఎండుగడ్డి కావాలి. గంటసేపు నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోయండి. చక్కెర కొంత పోతుంది.

– వరి తవుడు తేలిక మేత కాదు. దాన్నిండా నూనే!

– మేపు తెల్లవారుజామునే. ఎండెక్కేకొద్దీ గడ్డిలో చక్కెర పెరుగుతుంది.

– ఖనిజ లవణాల పొడి మానొద్దు, ఒట్టి గడ్డితో అవి చాలవు.

– గిట్ట వేడిగా తగిలినా, ముందుకాళ్లు చాపి నిలబడినా అదే రోజు పశువైద్యుణ్ణి పిలవండి.