బెణికిన చీలమండ బిగుసుకుపోతే చేత్తో వదులు చేయడం ఎలా?

చీలమండ బెణికి నాలుగైదు వారాలైంది, వాపు తగ్గింది, నడక కుదుటపడింది, కానీ గొంతుక్కూర్చుంటే మడమ నేల మీద ఆనడం లేదు. ఇలా వచ్చే ఆటగాళ్లలో చాలామందికి అప్పటికే ఎవరో పిక్కలు గట్టిగా పిసికి, వేళ్లు పట్టుకుని లాగి, పాదాన్ని పైకి నెట్టి పంపించి ఉంటారు. బిగువు జాయింట్‌లో ఉంటే పిక్క ఎంత పిసికినా ఏం లాభం?

ముందు, ఎవరి మీద చెయ్యి వేయకూడదో చెప్తాను. దెబ్బ తగిలిన మొదటి రెండు మూడు రోజులు ఈ పని వద్దు. నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండకు రెండు వైపులా ఉబ్బెత్తుగా ఉండే ఎముకల వెనక అంచు మీద గానీ కొస మీద గానీ నొక్కితే నొప్పి పుట్టినా ముందు ఎక్స్‌రే తీయించాలి. పిక్క వేడిగా, వాచి, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, అక్కడ మర్దన చాలా ప్రమాదం, వెంటనే డాక్టర్ దగ్గరికి పంపండి. లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టుకునే పట్టీ) తెగి జాయింట్ వదులైపోయినవాళ్లకు దాన్ని ఇంకా వదులు చేయాల్సిన పనే లేదు.

కావాల్సినవి ఎత్తయిన బల్ల, చుట్టిన టవల్, కొలత టేపు, అంతే. నూనె ఇప్పుడే రాయకండి, చెయ్యి జారిపోతుంది.

మొదట కొలవండి. గోడకు ఎదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలు గోడకు తాకించమనండి. బొటనవేలి నుంచి గోడకు ఎన్ని సెంటీమీటర్లు వచ్చిందో రాసుకుని, బాగున్న కాలితో పోల్చండి. అప్పుడే ఒక ప్రశ్న అడగాలి: ఎక్కడ పట్టేస్తోంది? వెనక అంటే పిక్క. ముందు వైపు ఏదో అడ్డుపడ్డట్టు ఉందంటే చాలావరకు టాలస్ (కాలి ఎముకలకు, మడమ ఎముకకు మధ్య ఉండే ఎముక) వెనక్కి జరగడం లేదన్నమాట. టాలస్‌కు ఒక్క కండరం కూడా అతుక్కుని ఉండదు, అందుకే కండరాన్ని సాగదీసి మాత్రమే దాన్ని కదిలించాలనుకుంటే కుదరదు.

ఇక అందరూ పాడుచేసేది ఇక్కడే. వెల్లకిలా పడుకోబెట్టి, మడమ బల్ల అంచు బయటికి వచ్చేలా ఉంచి, కాలి కింద టవల్ పెట్టండి. ఒక చేత్తో చీలమండకు పైన కాలిని బల్లకు ఆనించి పట్టుకోండి. రెండో చేతి బొటనవేలికి, చూపుడువేలికి మధ్య ఉండే ఒంపు టాలస్ ముందు భాగం మీద కూర్చోవాలి. ఎక్కడుందో తెలియకపోతే పాదాన్ని కిందికి వంచండి, వేలి కింద ముందుకు ఉబికి వచ్చేదే టాలస్. కొంచెం పైన పడితే కాలి ఎముకనే నొక్కుతుంటారు, కొంచెం కింద పడితే పాదం కిందికి వంగిపోతుంది. ఈ రెండు తప్పులూ నేను వారానికోసారైనా చూస్తాను.

మోచెయ్యి తిన్నగా ఉంచి, ఒంటి బరువుతో టాలస్‌ను సూటిగా బల్ల వైపుకి నెట్టండి. కదలిక కొద్ది మిల్లీమీటర్లే. నొప్పి ఎక్కువగా ఉంటే అంచుదాకా వెళ్లకుండా మెల్లగా ఊపండి, బిగువే ఎక్కువైతే అది ఆగే చోటుదాకా వెళ్లి అక్కడ చిన్నచిన్నగా ఊపండి. ఆస్ట్రేలియా ఫిజియో జెఫ్రీ మైట్‌లాండ్ దీన్ని నాలుగు మెట్లుగా విడగొట్టాడు. మొదటి రెండూ నొప్పికి, తర్వాతి రెండూ బిగువుకి. సెకనుకు రెండు ఊపుల చొప్పున అర నిమిషం, మధ్యలో ఆపి మూడు సార్లు. ఆటగాడి ముఖం కాదు, కాలివేళ్లు చూడండి. నొప్పి దాచుకునేవాళ్లు ఏమీ లేదంటూ నవ్వుతూనే ఉంటారు, వేళ్లు మాత్రం ముడుచుకుపోతాయి. ముడుచుకున్నాయంటే బలం తగ్గించాలి.

టక్‌మని శబ్దం రావాలని కుదపకండి. అది జాయింట్ ద్రవంలోని వాయువుతో వచ్చే శబ్దం, ఎముక తన చోటుకి వచ్చిందని గుర్తు కాదు. బెల్టు కట్టి, నిలబెట్టి చేసే, న్యూజిలాండ్ ఫిజియో బ్రయన్ మల్లిగన్ పద్ధతి కూడా పనిచేస్తుంది, కానీ మొదటి రెండు సిట్టింగుల్లో నేను బెల్టు ముట్టుకోను, ఎముక ఎంతవరకు వస్తోందో అరచేతికి తెలిసినంతగా బెల్టుతో తెలియదు.

పిక్క ఆ తర్వాతే. ఇప్పుడు నూనె రాసి, మోకాలు చాపి ఒకసారి, లోపలి కండరం అందేలా మడిచి ఒకసారి, మడమ నుంచి పైకి నెమ్మదిగా రెండు మూడు నిమిషాలు చాలు.

వెంటనే మళ్లీ గోడ దగ్గర కొలవండి. ఒక సెంటీమీటరు పెరిగినా మంచిదే. ఆ వచ్చిన కదలికను అక్కడికక్కడే వాడించాలి: మోకాలు గోడకు తాకించడం పదిహేను సార్లు, తర్వాత ఒంటికాలి మీద నిలబడటం. కొలత మారలేదని ఇంకా గట్టిగా నొక్కొద్దు, చెయ్యి పెట్టిన చోటు సరిచూసుకోండి. మర్నాటికి వాపు వస్తే ఆ రోజు వదిలేసి, తర్వాత ఒక మెట్టు తగ్గించి మొదలుపెట్టండి. నాలుగైదు సార్లు సరిగ్గా చేసినా ముందు వైపు అడ్డు అలాగే ఉంటే లోపల ఎముక దగ్గర ఏదో ఉండొచ్చు, ఇక చెయ్యి తీసి ఎముకల డాక్టరుకు చూపించండి.