తెరచాప పడవ బాగుసేత – పాఠం 3: కొత్త ఫోమ్ ఎంత, ఎక్కడ?

పడవ నీళ్ళతో నిండినా మునిగిపోకుండా తేల్చేది దాని అరల్లోని ఫోమే. పోయిన పాఠంలో నీళ్ళు తాగిన పాత ఫోమ్‌ను తవ్వి తీసి, అరలు ఎండబెట్టాం. ఆ ముక్కల్ని మాత్రం కాల్చకండి. ఆ ఫోమ్ పాలీయురేథేన్, అది కాలితే విషపు సైనైడ్ వాయువు వస్తుంది.

ఇప్పుడు లెక్క. తడ దగ్గర పులికాట్‌లో తిప్పుకునే 12 అడుగుల ఫైబర్ పడవ అనుకోండి. ఫైబర్ నీటికంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి, మునిగాక అందులో మూడో వంతే బరువు మిగులుతుంది: 100 కిలోలకు 33. ఇనుప సామాను 15 కిలోలుంటే 13. పడవ పట్టుకుని వేలాడే ఇద్దరికి తలా 15 చొప్పున 30. మొత్తం 76 కిలోలు. మంచి ఫోమ్ లీటరుకు దాదాపు 0.97 కిలో మోస్తుంది, అంటే 78 లీటర్లు. నేను 100 పెట్టమంటాను. ఉప్పునీరు ఎక్కువ తేలుస్తుందని తగ్గించుకోవద్దు, వానల్లో కాళంగి నది నీళ్ళు కలిస్తే ఆ ఉప్పు పలచబడిపోతుంది.

ఎక్కువమంది తప్పుచేసేది చోటు దగ్గర. ఫోమంతా అడుగున కూరితే, పడవ నిండగానే అది కిందనుంచి పైకి తంతుంది. పడవ బోర్లాపడి అలాగే ఉండిపోతుంది. అందుకే పై అంచుల కింద చెరో 35 లీటర్లు, ముందు కొసలో 15, వెనుక 15. వెనుక మోటారు తగిలిస్తే దాని బరువునూ లెక్కలో కలిపి, అక్కడే పెంచండి. 35 లీటర్ల దిమ్మ సుమారు 34 కిలోల బలంతో పైకి నెడుతుంది, ఒట్టి గమ్ ఆగదు. పైన బద్దె వేసి బోల్టులు బిగించండి, నైలాన్ పట్టీ కూడా కట్టండి. దిమ్మ కింద వేలెడు సందు, ఆ అర అట్టడుగు భాగంలో మూత ఉన్న రంధ్రం ఉండాలి. పాత ఫోమ్ చెడింది లోపలికొచ్చిన నీటికి దారి లేకనే.

ఫోమ్‌గా థర్మోకోల్ వాడితే, ఫైబర్ పనికి వాడే పాలియెస్టర్ రెజిన్ దానికి తగలనివ్వకండి, థర్మోకోల్ కరిగిపోతుంది. ఎపాక్సీ రెజిన్‌తో ఆ భయం లేదు. ఖర్చు వద్దనుకుంటే ఫోమ్ బదులు 2 లీటర్ల ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలు 50 తీసుకుని, వల సంచుల్లో కట్టండి. మూతలు తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడే బిగించాలి. మధ్యాహ్నం ఎండలో బిగిస్తే నీళ్ళలో చల్లబడి సొట్టలు పడి, తేల్చే శక్తి తగ్గుతుంది.

బిగించాక నడుము లోతు నీళ్ళలో, లైఫ్ జాకెట్లు వేసుకుని, ఇద్దరు తోడుండగా పడవను బకెట్లతో నింపండి. అంచు నీటిపైన సమంగా నిలవాలి. ఒకవైపు వాలితే ఆ వైపు ఫోమ్ చాలలేదన్నమాట. పై డెక్ మూసే పని, ఈ పరీక్ష నెగ్గాకే, 4వ పాఠంలో.