ఇంగ్లీషులో పదనిర్మాణం – 4: క్రియ చివర చూసి నామవాచకం పట్టుకోవడం

పోయిన పాఠంలో టీచ్ నుంచి టీచర్, ప్లే నుంచి ప్లేయర్ ఎలా వస్తాయో చూశాం. అక్కడ పని చేసే మనిషికి పేరు పెట్టాం. ఈసారి ఆ పనికే పేరు కావాలి.

అన్నిటికంటే సులువైన ప్రత్యయం ‘మెంట్’. పే నుంచి పేమెంట్, అపాయింట్ నుంచి అపాయింట్‌మెంట్. మూలక్రియ చెక్కుచెదరదు. ఆర్గ్యూ విషయంలో మాత్రం జాగ్రత్త: ఆర్గ్యుమెంట్ అని రాసేటప్పుడు క్రియ చివరి ‘ఇ’ అక్షరం పోతుంది.

అసలు చిక్కంతా ‘షన్’తోనే. ఇది చేరితే చాలాసార్లు క్రియ రూపమే మారిపోతుంది. దాంతో ప్రతి మాటనూ విడిగా బట్టీ పట్టాలనుకుంటారు. అవసరం లేదు. తెలుగులో ఆడు ‘ఆట’ అయినట్టే పాడు ‘పాట’ అవుతుంది కదా! ఇంగ్లీషులోనూ ఒకే రకం ముగింపు ఉన్న క్రియలు చాలావరకు ఒకే దారిలో మారతాయి.

‘మిట్’ కుటుంబాన్ని తీసుకుందాం. అడ్మిట్, పర్మిట్, సబ్మిట్, ట్రాన్స్‌మిట్. వీటి మూలం ‘పంపు’ అనే అర్థమున్న లాటిన్ ధాతువు ‘మిట్టెరె’. లాటిన్‌లోనే దాని భూతకాల విశేషణం ‘మిస్సుస్’. ఇంగ్లీషులో ‘టి’ పోయి రెండు ‘ఎస్’లు రావడానికి కారణం అదే: అడ్మిషన్, పర్మిషన్, సబ్మిషన్, ట్రాన్స్‌మిషన్. మరి లిమిట్ ఎందుకు లిమిటేషన్ అయింది? అది ఈ కుటుంబానిది కాదు. ‘హద్దు’ అనే అర్థమున్న వేరే లాటిన్ మాట నుంచి వచ్చింది. పలికి చూస్తే తేడా వినిపిస్తుంది. పై నాలుగు క్రియల్లో ఊనిక, అంటే నొక్కి పలకడం, ‘మిట్’ మీద పడుతుంది, లిమిట్‌లో ‘లి’ మీద పడుతుంది.

మిగతా కుటుంబాలూ ఇంతే. ప్రొడ్యూస్ ప్రొడక్షన్ అయితే రెడ్యూస్ రిడక్షన్ అవుతుంది. డిస్క్రైబ్‌లోని ‘బి’ డిస్క్రిప్షన్‌లో ‘పి’ అవుతుంది. డాక్టరు రాసిచ్చే ప్రిస్క్రిప్షన్‌లో ఉన్నదీ ఆ ‘పి’యే.

మనవాళ్లు తరచూ తప్పు పలికే మాట ఒకటుంది. ప్రొనౌన్స్ అనే క్రియను చూసి ‘ప్రొనౌన్సియేషన్’ అనేస్తారు. నామవాచకంలో రెండో ‘ఓ’ అక్షరం ఉండదు, ‘నౌ’ అనే శబ్దమూ ఉండదు: ప్రనన్సియేషన్. ఎక్స్‌ప్లెయిన్‌లోని ‘ఐ’ కూడా ఇలాగే పోయి ఎక్స్‌ప్లనేషన్ మిగులుతుంది. పైకి చదివేటప్పుడు ఊనిక ఎప్పుడూ ‘షన్’కు ముందున్న అక్షరం మీద పెట్టండి. ఎడ్యుకేట్‌లో మొదటి అక్షరం మీదున్న ఊనిక, ఎడ్యుకేషన్‌లో ‘కే’ మీదికి జరుగుతుంది.

అభ్యాసం: రిసీవ్ నుంచి రిసెప్షన్ వచ్చింది. దాన్ని బట్టి డిసీవ్, పర్సీవ్ ఏమవుతాయో కాగితం మీద అక్షరాలతో సహా రాయండి. జవాబులు వచ్చే పాఠం మొదట్లో ఇచ్చి, అరైవ్ నుంచి అరైవల్ వచ్చే పద్ధతిలోకి వెళదాం.