ఆర్డర్ మొత్తం ఒకే కాల్‌లో పంపబోయి...

ఒక ఆర్డరు, అందులో ఐటమ్‌లు, ఒక్కో ఐటమ్‌కి మళ్ళీ రెండు మూడు డిస్కౌంట్లు. ఇదంతా పైథాన్ నుంచి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోని ఫంక్షన్‌కి ఒకేసారి పంపాలి. మొదట కాంపోజిట్ టైపుల (పలు ఫీల్డులు కలిసిన టైపులు) అర్రే వాడా. ఆ అర్రే లిటరల్‌ని (విలువని టెక్స్ట్‌గా రాసే రూపం) చేత్తో కట్టడమే నా తెలివితక్కువతనం. ఐటమ్ పేరులో ఒక డబుల్ కోట్ రాగానే 'మాల్‌ఫార్మ్‌డ్ అర్రే లిటరల్' అని ఎర్రర్. కోట్ ముందు పెట్టాల్సిన బ్యాక్‌స్లాష్‌లు లోపలికి వెళ్ళేకొద్దీ రెట్టింపవుతాయి, రెండో మెట్టుకే లెక్క తప్పా.

పారామీటర్‌ని జేసన్‌బీ (పోస్ట్‌గ్రెస్‌లో జేసన్ డేటాకి ఉన్న టైపు) చేశా. ఇప్పుడు 'స్కేలర్ నుంచి ఎలిమెంట్లు తీయలేను' అంటుంది! స్కేలర్ అంటే అర్రే కాని ఒంటరి విలువ. గంటసేపు ఫంక్షన్నే అనుమానించి, చివరికి టైపు చెప్పే జేసన్‌బీ_టైప్‌ఆఫ్ పెట్టి చూస్తే 'స్ట్రింగ్' అని వచ్చింది. నేను డంప్స్ చేసిన (జేసన్ టెక్స్ట్‌గా మార్చిన) దాన్నే సైకాప్‌జీ (పైథాన్‌ని పోస్ట్‌గ్రెస్‌తో కలిపే లైబ్రరీ) రేపర్ మళ్ళీ డంప్స్ చేస్తోంది. నాది తీసేశా, పోయింది.

అసలు ఏడిపించింది మూడోది, ఎందుకంటే ఎర్రరే లేదు. జేసన్ అర్రేని వరసలుగా మార్చే జేసన్‌బీ_టు_రికార్డ్‌సెట్ ఐటమ్ ఐడీ కాలమ్ అంతా నల్ (ఖాళీ) ఇస్తోంది. యాప్ పంపే జేసన్ కీలో (ఫీల్డు పేరు) మధ్యలో ఒక ఇంగ్లిష్ అక్షరం క్యాపిటల్. కాలమ్ పేరుకి కోట్స్ పెట్టకపోతే పోస్ట్‌గ్రెస్ దాన్ని చిన్నక్షరాలకి మార్చేస్తుంది, కీ కలవదు. డబుల్ కోట్స్ పెడితే విలువలు వచ్చాయి. ఆ విలువలు చేరే టేబుల్ కాలమ్‌కి నాట్ నల్ (ఖాళీని ఒప్పుకోని నియమం) కూడా తగిలించా, ఈసారి తప్పితే అరుస్తుంది. డిస్కౌంట్ల కాలమ్‌ని జేసన్‌బీగానే ఉంచి, లాటరల్ జాయిన్‌తో (ఒక్కో వరసకీ విడిగా నడిచే జాయిన్) ఇంకోసారి విప్పుతున్నా.