డబ్లిన్ నుంచి ఆ ఫోన్ వస్తే: మొదట విన్నవారు చేయవలసినది

ఐర్లాండ్‌లో చదువుకుంటున్న అమ్మాయిపై లైంగిక దాడి జరిగితే, ఆ సంగతి ఆమె మొదట చెప్పుకునేది అక్కడి పోలీసులకు కాక హనుమకొండలోనో పరకాలలోనో ఉన్న తల్లికి కావచ్చు. అలా విన్న తల్లి, తనకు తెలియకుండానే, పరాయి దేశపు కోర్టులో సాక్షి అయ్యే అవకాశం ఉంది. కాబట్టి ఆ ఫోన్‌ను ఎలా వినాలో, విన్నదాన్ని ఎలా భద్రపరచాలో ముందుగా తెలుసుకొని ఉండటం మంచిది.

అన్నిటికంటే ముందు ఆమె సురక్షితమైన చోట ఉందో లేదో అడగండి. ప్రమాదం ఇంకా ఉంటే 112కు గాని 999కు గాని ఫోన్ చేయమనండి; అక్కడి పోలీసులను గార్డా అంటారు. ఇలాంటి బాధితుల కోసమే అక్కడ సాటు అనే ఆసుపత్రి విభాగాలు ఉన్నాయి, డబ్లిన్‌లోనిది రొటుండా ఆసుపత్రిలో ఉంది. పోలీసులకు చెప్పాలా వద్దా అని ఇంకా తేల్చుకోకపోయినా అక్కడికి వెళ్లవచ్చు, పరీక్షలో సేకరించిన ఆధారాలను కొంతకాలం దాచి ఉంచమని కోరవచ్చు. వెళ్లేముందు స్నానం చేయకపోవడం, ఆ బట్టలు ఉతకకపోవడం మేలు. ఇప్పటికే చేసి ఉంటే అందుకు తిట్టకండి, అయినా వెళ్లమనే చెప్పండి.

ఇక అడగవలసిన తీరు. "ఏమైంది బిడ్డా?", "ఎందుకు ఏడుస్తున్నవ్?" అని అడగడంలో తప్పు లేదు. "వాడు నిన్ను ఖరాబ్ చేసిండా?" అని జవాబును మీరే నోటికి అందిస్తే మాత్రం చిక్కు వస్తుంది, ఎందుకంటే ఆ మాట ఆమె తనంతట తాను చెప్పిందా, మీరు చెప్పించారా అని రేపు డిఫెన్స్ లాయరు నిలదీస్తారు. ఐరిష్ కోర్టులు బ్రోఫీ కేసులో క్రోడీకరించిన నియమాల ప్రకారం, బాధితురాలు సహేతుకంగా ఎంత త్వరగా చెప్పగలదో అంత త్వరగా, ఎవరి ప్రేరేపణా ఒత్తిడీ లేకుండా చెప్పిన మాటను, అందులోని వివరాలతో సహా, విన్నవారు కోర్టులో చెప్పవచ్చు. అయితే ఆ మాట నేరం జరిగిందనడానికి రుజువు కాదు. ఆమె కోర్టులో ఇస్తున్న వాంగ్మూలానికీ అప్పటి ప్రవర్తనకూ పొంతన ఉందని చూపడానికే పనికివస్తుందని జడ్జి జ్యూరీకి, అంటే దోషి అవునో కాదో తేల్చే పౌరుల బృందానికి, స్పష్టం చేయాలి.

ఇక్కడ మన వకీళ్లు కూడా తడబడే సంగతి ఒకటి ఉంది. 1952లో రామేశ్వర్ కేసులో మన సుప్రీంకోర్టు, చిన్నపిల్ల దాడి జరిగిన కొన్ని గంటలకు తల్లికి చెప్పిన మాటను సాక్ష్య చట్టం 157వ సెక్షన్ కింద బలపరిచే సాక్ష్యంగానే స్వీకరించింది. ఐర్లాండ్‌లో అలా కుదరదు. బలపరిచే సాక్ష్యం స్వతంత్రంగా మరోచోటి నుంచి రావాలని అక్కడి సూత్రం, తల్లికి చెప్పినా గార్డాకు చెప్పినా మాట పుట్టింది అదే మనిషి నోట కదా. "నాకు చెప్పింది, ఇంకేం రుజువు కావాలి?" అని మీరు ధీమాగా ఉండకూడదనడానికి కారణం ఇదే.

అలాగని వేరే సాక్ష్యం లేకపోతే కేసు నిలవదని భయపడనక్కరలేదు. ఒకప్పుడు, బలపరిచే సాక్ష్యం లేకుండా శిక్ష వేయడం ప్రమాదమని అక్కడి జడ్జి ఇలాంటి ప్రతి కేసులోనూ జ్యూరీని హెచ్చరించి తీరాల్సి వచ్చేది. ఐర్లాండ్‌లో 1990 నాటి అత్యాచార సవరణ చట్టం 7వ సెక్షన్ ఆ నిర్బంధాన్ని తొలగించి, హెచ్చరిక ఇవ్వాలా వద్దా అన్నది జడ్జి విచక్షణకు వదిలింది. అలా హెచ్చరించడానికి కూడా సాక్ష్యంలోనే ఆధారం కనిపించాలి తప్ప, లైంగిక నేరం కేసు కావడమొక్కటే చాలదని తర్వాత జెఈఎం కేసులో అక్కడి క్రిమినల్ అప్పీలు కోర్టు వివరించింది.

ఫోన్ పెట్టేసిన వెంటనే ఒక నోటుబుక్కులో రాయండి. ఆమె అన్న మాటలను అన్నట్టే రాయాలి. "మీదికొచ్చిండు" అంటే కొట్టడానికి వచ్చాడనీ, ఒంటి మీద పడ్డాడనీ రెండు అర్థాలూ వస్తాయి. దాన్ని మీరే మర్యాద కోసం "అసభ్యంగా ప్రవర్తించాడు" అని దిద్దితే, ఇంగ్లిషులోకి వెళ్లేసరికి అసలు ఆరోపణే మారిపోతుంది. మీ ప్రశ్నలను కూడా రాయండి. సమయం దగ్గర మరింత జాగ్రత్త అవసరం: చలికాలంలో డబ్లిన్‌లో రాత్రి 11 గంటలైతే మనకు తెల్లవారుజామున 4:30, అక్కడి వేసవిలో అయితే 3:30. కాబట్టి రాసింది ఏ దేశపు సమయమో పక్కనే గుర్తించండి, వాట్సాప్ కాల్ వివరాలను గాని మెసేజీలను గాని చెరిపేయకండి.

తండ్రి వేరుగా మాట్లాడి ఉంటే ఆయన విన్నది ఆయనే రాయాలి, ఇద్దరూ కూర్చొని ఒక్కటిగా సరిచూసుకోకూడదు. చుట్టాల గ్రూపులో పెట్టడమైతే అసలే వద్దు, అది అమ్మాయి గోప్యతకు ముప్పు, పైగా నలుగురి నోట నాలుగు కథలవుతాయి.

సాక్ష్యం కోసం తప్పనిసరిగా విమానం ఎక్కనక్కరలేదు; కోర్టు అనుమతిస్తే దేశం బయటి నుంచి లైవ్ వీడియో లింకు ద్వారా చెప్పవచ్చని అక్కడి 1992 నేర సాక్ష్య చట్టం వీలు కల్పించింది. గార్డా వాంగ్మూలం అడిగితే తెలుగులోనే ఇస్తామని, దుబాసీ కావాలని అడగండి. నోటుబుక్కును మాత్రం కొట్టివేతలతో సహా ఉన్నదున్నట్టుగా ఇవ్వండి, శుభ్రంగా మళ్లీ రాసిన ప్రతిని కాదు.